గిన్నెలో మిగిలింది

అబ్రహాం ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. హుజూర్‌నగర్ అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని బస్సులు కోదాడ షెడ్డులో ఉంటాయి. షిఫ్టు మారే వేళకు బయలుదేరి, దారిలో ఊరూరా ఆగి పనివాళ్ళను ఎక్కించుకుంటాయి. అబ్రహాంది చిలుకూరు. బస్సు ఆ ఊరి మీదుగానే పోతుంది. తన ఊరని అతడు ఒక్క నిమిషం ఎక్కువ ఆపేవాడు కాదు. రోజూ ఎక్కే మనిషి కనిపించకపోతే మాత్రం, ఏ ఊళ్ళోనైనా, బస్సును నెమ్మది చేసి సందులోకి ఒకసారి చూసేవాడు.

సన్నటి మనిషి. యాభై దాటాయి. మీసం తెల్లబడింది, తల ఇంకా నల్లగానే ఉంది. ఎక్కువ మాట్లాడడు. బస్సులో పాటలు పెట్టమంటే పెడతాడు. ఆపమంటే ఆపుతాడు.

ఊళ్ళో అతడు సంఘ పెద్ద. ముప్పై నలభై కుటుంబాలున్న చిన్న చర్చి. అక్కడ నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభు భోజనం ఉంటుంది. దాన్ని బల్ల అంటారు. కోదాడ నుంచి అయ్యగారు, అంటే పాస్టరు, మోటారుసైకిల్ మీద వస్తారు. రొట్టె, ద్రాక్షరసం. కరోనా వచ్చిన దగ్గర నుంచి గిన్నెను పెదవులకు ఆనించడం మానేశారు. రొట్టె ముక్కను రసంలో ముంచి నాలుక మీద పెట్టుకుంటారు. అందువల్ల చివరికి గిన్నెలో రసం మిగులుతుంది. ప్రార్థన చేసిన రసాన్ని నేల మీద పారబోయకూడదు. తిరిగి సీసాలోకి వంపకూడదు. అక్కడే, అప్పుడే ఎవరో ఒకరు తాగెయ్యాలి. అది అయ్యగారు చేయవలసిన పని. అయ్యగారికి షుగర్. కాబట్టి అది సంఘ పెద్ద మీద పడింది.

ఆ రసం చేసేది అబ్రహాం భార్య ఎస్తేరు.

అత్త చేసేది. అత్త పోయాక ఈమె చేతికి వచ్చింది. నల్లద్రాక్ష తెచ్చి, కడిగి, ఉడికించి, పల్చటి గుడ్డలో పిండి, చల్లారాక సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఆ పని మీద ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడదు. ఎవరైనా గుమ్మంలోకి వచ్చి పలకరిస్తే తల ఊపుతుంది. ఆమె బడికి పోయింది ఏడో తరగతి వరకే. చీరలు, నగలు ఆమెకు పెద్దగా పట్టవు. ఊళ్ళో తనదంటూ ఆమెకు ఉన్నది ఆ పనే. ఆ ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ కింద గిన్నె ఉంటే, అది తన చేతి నుంచి వచ్చిందని ఆమెకు తెలుసు. ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. అబ్రహాంకు మాత్రం తెలుసు.

ఆ ఇంట్లో ఎవరూ తాగరు. పెళ్ళిళ్ళలో సీసాలు తెరిచే వైపు అబ్రహాం వెళ్ళడు. ఎస్తేరు పుట్టిల్లు పెద్దవూర. తండ్రి ప్రార్థన లేకుండా నీళ్ళు కూడా తాగని మనిషి. కల్లు వాసన ఆమెకు దారిన పోతుంటే తగిలిన మేరకే తెలుసు. ద్రాక్షరసం పులిస్తే ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు.

ఆ ఏప్రిల్‌లో కూతురు దీవెనకు మిర్యాలగూడలో కాన్పు అయింది. ఆడపిల్ల. అల్లుడు అక్కడ రైసుమిల్లులో పని చేస్తాడు. ఎస్తేరు వారం రోజులు దవాఖానలో, కూతురి ఇంట్లో ఉండిపోయింది. ఆ వారంలోనే చిలుకూరులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రెండు మూడు రోజులు కరెంటు లేదు. అబ్రహాం కోదాడలోనే తిని వచ్చేవాడు. ఫ్రిజ్ తలుపు తెరవలేదు.

ఎస్తేరు తిరిగి వచ్చి చూస్తే ఫ్రిజ్‌లో రసం పోసిన రెండు సీసాల మూతలూ కాస్త పైకి లేచి ఉన్నాయి. వేలితో నాలుక మీద వేసుకుంది. పుల్లగా ఉంది. కోదాడ సంతలో ద్రాక్ష అయిపోయింది, మామిడి వచ్చేసింది. అత్త ఉంటే ఏం చేసేదని ఆలోచించింది. పులుపు తగ్గాలంటే తీపి వెయ్యాలి. రెండు సీసాల్లోనూ చక్కెర పోసి, బాగా కలిపి, కరిగేదాకా వంటింటి గట్టు మీద ఉంచింది. రెండు రోజుల తరువాత రుచి చూస్తే పులుపు తగ్గింది. ఆమె మనసు కుదుటపడింది.

మే మొదటి ఆదివారం వేములపల్లిలో పెళ్ళి. సంఘంలో సగం మంది ఆ పెళ్ళికి పోయారు. వచ్చిన కొద్దిమందీ రొట్టె ముంచుకుని తిన్నారు. గిన్నె చాలావరకు నిండుగానే మిగిలింది. అయ్యగారు దానివైపు చూసి, "పెద్దగారూ, ఈసారి మీకు భారమే" అన్నారు.

అబ్రహాం రెండు చేతులతో ఎత్తి తాగాడు. గొంతులో వెచ్చగా దిగింది. ఎండ అనుకున్నాడు.

*

ఆ రోజు రెండో షిఫ్టు. ఇంటికి వచ్చి అన్నం తిని, బండి మీద కోదాడ పోయాడు. షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ వీరయ్య మిషన్ పట్టుకుని కూర్చున్నాడు. బస్సు తీయబోయే ప్రతి డ్రైవరూ అందులో ఊదాలి. కిందటేడు వేరే డ్రైవరొకడు తాగి, బస్సును కాలువ గట్టు దాకా తీసుకుపోయాడు. అప్పటి నుంచి ఈ రూలు.

"రా అన్నా. ఊదిపో. నీకెందుకో గని, రూలు రూలే."

ఊదాడు. మిషన్ కూసింది. ఎర్ర దీపం.

వీరయ్య మిషన్‌ను తిప్పి చూశాడు. విదిలించాడు. "ఇంకోపాలి ఊదన్నా."

మళ్ళీ కూసింది.

"ఎండకు దీనికి గూడ తిక్క లేసింది తమ్మీ" అన్నాడు అబ్రహాం.

"నేను ఊదుత సూడు." వీరయ్య ఊదాడు. పచ్చదీపం. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అయితే దవాఖానకు పోదాం పా. రక్తం తీసి సూడున్రి. ఇద్దరం పోదాం" అన్నాడు అబ్రహాం.

వీరయ్య ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగుల వ్యవహారాలు చూసే కార్తీక్‌కు ఫోను చేశాడు. ఆదివారం. అవతల పిల్లల గోల వినిపించింది. ఫోను పెట్టేసి వీరయ్య నేల చూశాడు.

"దవాఖాన గివాఖాన వద్దంటుండు అన్నా. ఇంటికి పొమ్మంటుండు. రేపు ఆఫీసుకు రమ్మన్నడు. బస్సు మంగ్త్యాను తియ్యమన్నడు."

మంగ్త్యా వెనకాలే నిలబడి ఉన్నాడు. అతడూ డ్రైవరే. అబ్రహాం చేతిలోంచి తాళాలు తీసుకుంటూ, ఇబ్బందిగా ఉండి, ఏదో ఒకటి అనాలని అన్నాడు.

"ఏం పెద్దాయనా! చర్చిల గట్టిగనే పోసినట్టున్నరు!"

షెడ్డులో ఉన్న వాళ్ళు నవ్వారు. అబ్రహాం కూడా నవ్వబోయాడు. గొంతులో దిగిన వెచ్చదనం అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె అడుగున ఉన్న నురగ గుర్తొచ్చింది. మూతలు లేచాయని, చక్కెర వేశానని ఎస్తేరు చెప్పిన మాట గుర్తొచ్చింది.

రక్తం తీయించమని మళ్ళీ అడగలేదు.

మరునాడు కార్తీక్ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. మర్యాద తెలిసిన కుర్రాడు. కుర్చీలో తనే ఇబ్బందిగా కదిలాడు.

"అబ్రహాం గారూ, నలభై మంది ప్రాణాలండి. ఒకరికి ఒక రూలు, ఇంకొకరికి ఒక రూలు అంటే నడవదు."

"నేను తాగేటోన్ని గాదు సార్."

"మిషన్ అబద్ధం చెప్తుందా?"

కార్తీక్ కాగితం ఇచ్చాడు. ఆ రోజు నుంచి పని లేదని అందులో ఉంది. ఆ రోజు ఏం తిన్నావు, ఏం తాగావు, ఎక్కడ ఉన్నావు అని ఎవరూ అడగలేదు. అడగనందుకు అబ్రహాంకు లోపల ఎక్కడో కాస్త ఊరటగా కూడా ఉంది.

*

"మిషన్ ఖరాబైంది" అని ఎస్తేరుతో చెప్పాడు.

ఎస్తేరు నమ్మింది. ఆమెకు నమ్మకపోవడానికి కారణమే లేదు. మిషన్‌ను తిట్టింది. మిషన్ చేసిన వాడిని తిట్టింది. కార్తీక్‌ను తిట్టి, ఎవరి బిడ్డో పాపమని వెనక్కు తీసుకుంది.

ఫ్యాక్టరీ బస్సు రోజూ ఊళ్ళో ఆగేది. ఆ వేళకు అబ్రహాం ఇంటి వెనక్కు పోయి ఏదో ఒక పని చేసేవాడు. ఉన్న కట్టెలనే మళ్ళీ పేర్చేవాడు. కోదాడలో ఒక స్కూలు బస్సుల యజమాని దగ్గరికి పోయాడు. ఆయన టీ ఇప్పించి, అక్కడ ఎందుకు మానేశావని అడిగాడు. మిషన్ కూసిన సంగతి వరకే అబ్రహాం చెప్పాడు. ఆయన టీ తాగడం అయ్యేదాకా ఉండి, "పిల్లల సంగతి పెద్దాయనా, నీకు తెల్వంది కాదు" అని లేచాడు. ఇంకొకచోట టీ కూడా లేదు.

తాగి వచ్చాడన్న మాట మీద పడి ఉన్నంతకాలం తనకు ఎవరూ స్టీరింగు ఇవ్వరని అబ్రహాంకు అర్థమైంది. మాట తుడుచుకోవాలంటే గిన్నె సంగతి చెప్పాలి. చెబితే సంఘమంతా ఎస్తేరు వైపు తిరుగుతుంది. ప్రభువు బల్ల మీద మత్తు పెట్టిందంటారు. ఎవరూ అనకపోయినా ఆమె అలాగే అనుకుంటుంది. ఇక జీవితంలో ద్రాక్షపండు ముట్టదు. అతడికి అది తెలుసు. అందుకని మిషన్ ఖరాబైందన్న మాట మీదే ఉండిపోయాడు.

వీరయ్య ఒకరోజు పొద్దున ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెప్పు కొనతో మట్టిని గీకుతూ మాట్లాడాడు.

"నేనైతే మిషన్ల ఏమొస్తె అదే చెప్పిన. నా మీద కోపం పెట్టుకోకన్నా."

"నీ మీదెందుకు కోపం. నీ పని నువ్వు జేసినవ్."

"గట్లయితె ఇను. మిషన్ ఒక్కటి సూసి తీసేసుడు కాదంట. జరసేపు ఆగి మళ్ల ఊదియ్యాలె. రక్తం తియ్యాలె. నిన్ను కూసోబెట్టి అడగాలె, నీ మాట రాసుకోవాలె. ఇయ్యేం చెయ్యలే. సూర్యాపేట లేబర్ ఆఫీసుకు పో. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకు, నాకూ పిల్లలున్నరు."

లోపలి నుంచి ఎస్తేరు అంది. "చాయ్ తాగిపో వీరయ్యా. నీ చేతుల ఆ దయ్యం లేదు గదా ఇయ్యాల!"

అబ్రహాం సూర్యాపేట పోయి అర్జీ ఇచ్చాడు. లేబర్ ఆఫీసర్ గిరిజ. కళ్ళద్దాలు, నెమ్మది గొంతు. ఒక తేదీ వేసి కార్తీక్‌ను కూడా పిలిపించింది. ఆ రోజు ముగ్గురూ ఒక చిన్న గదిలో కూర్చున్నారు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రాలేదు.

"మిషన్‌ను సరిచూయించి ఎన్నాళ్ళయింది?" అని ఆమె కార్తీక్‌ను అడిగింది.

"కనుక్కుని చెప్తాను మేడం."

"రక్తపరీక్షకు ఎందుకు పంపలేదు? ఈయనే అడిగాడని రాశాడు."

"ఆదివారం మేడం..."

"విచారణ?"

కార్తీక్ కాగితాలు సర్దుకున్నాడు. "మా దగ్గర మద్యం విషయంలో మొదటిసారి, రెండోసారి అని ఉండదు మేడం. బస్సు కదా."

"బస్సు కాబట్టి మీకు భయం ఉండాలి. ఒప్పుకుంటాను. మనిషిని తీసెయ్యడం కూడా అంత చిన్న పని కాదు." ఆమె అబ్రహాం వైపు తిరిగింది. "చెప్పండి. ఆ రోజు ఏం తిన్నారు? మందులేమైనా వాడతారా? దగ్గు మందు, హోమియో మందు, ఏదైనా?"

"అన్నం, పప్పు మేడం."

"ఇంకా?"

"చాయ్."

"పొద్దున్నుంచీ ఇంకేమీ నోట్లో పడలేదా? బాగా గుర్తు చేసుకోండి. మీకు పనికొచ్చేదే అడుగుతున్నాను."

అబ్రహాం గోడ మీది క్యాలెండర్ చూశాడు. "ఏం లేదు మేడం."

గిరిజ కలం కింద పెట్టి, కాసేపు అతన్ని చూసింది. ఇంకొక తేదీ వేసింది.

సంఘ పెద్ద అయ్యాక అతడు బయటివాళ్ళతో ఆడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఆ వారం ప్రార్థన కూటంలో అతని వంతు వచ్చినప్పుడు గొంతు బాగాలేదని పక్కవాడికి చెప్పాడు.

*

మే నెల చివర. మళ్ళీ బల్ల ఆదివారం దగ్గర పడింది. ఎస్తేరు ఫ్రిజ్‌లోంచి రెండో సీసా తీసింది. పక్కింటి రాములమ్మ చల్లనీళ్ళ కోసం చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. రాములమ్మ గౌండ్ల వాళ్ళ ఆడబిడ్డ. మొగుడు తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. కల్లు కుండల మధ్యే పుట్టింది, కల్లు కుండల మధ్యే పెరిగింది.

ఎస్తేరు మూత తిప్పింది. బుస్సుమని పొంగి చేతుల మీదుగా కారింది.

రాములమ్మ ముక్కు ఎగబీల్చింది. లోపలికి వచ్చింది. సీసా అందుకుని వాసన చూసింది. కొంగుతో నోరు మూసుకుని నవ్వసాగింది.

"ఓ ఎస్తేరూ! పెద్దమనుషుల కొంప అనుకుంటిని. ఏందే ఇది, చాటుకు దుకాణం పెట్టినవా?"

"ఏందొదినా?"

"ఏందంటదేంది! మా తాటికల్లు దీని ముందర మజ్జిగ. ఇంత గుంజితే ఈడ్నే పండుకోవాలె." నవ్వుతూనే ఎస్తేరు ముఖం చూసి ఆగింది. "ఏమైంది పిల్లా? నీకు నిజంగ ఎర్క లేదా?"

ఎస్తేరు చేతులు చూసుకుంది. జిగురుగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. పీటమీద కూలబడింది.

రాములమ్మ చెంబు అక్కడే పెట్టి, పక్కన కూర్చుంది. "చక్కెర ఏసినవా?" అంది. ఎస్తేరు తల ఊపింది. "చక్కెర ఏస్తె ఇంక లేస్తది బిడ్డా. పులిసేదానికి చక్కెర పెట్టుడంటే మంటకు కట్టె పెట్టుడే."

సాయంత్రం అబ్రహాం వచ్చేసరికి సీసా వంటింటి గట్టు మీద ఉంది. మూత లేదు. ఎస్తేరు దానికి ఎదురుగా కూర్చుని ఉంది. అతడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ ఆగడం చూసి ఆమెకు మిగతాది తెలిసిపోయింది.

"నీకు ఎర్కనా?"

అతడు చెప్పులు విడిచాడు.

"ఎప్పట్నుంచి?"

"గేటు కాడ్నే."

"నెల రోజులైతుంది."

"ఊఁ."

"నెల రోజులు నేను మిషన్‌ను తిట్టుకుంటుంటి. నువ్వు ఇంటుంటివి."

"నువ్వు తిట్టంగ ఇనబుద్ధయ్యేది" అన్నాడు. నవ్వించాలని. ఆమె నవ్వలేదు.

"ఎందుకు చెప్పలే?"

అబ్రహాం గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "చెప్తే నువ్వు ఇగ రసం చెయ్యవు."

"చెయ్యకపోతే?"

"నాకు ఆ ఆదివారం మంచిగుంటది. నువ్వు గిన్నె మీద ఆ తెల్లగుడ్డ కప్పి పట్టుకపోతుంటే."

ఎస్తేరు లేచి సీసా తీసుకుని పెరట్లోకి పోయింది. రసం పారబోసిన చప్పుడు వినిపించింది. సీసా కడిగిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి అతని పక్కన, గోడకే ఆనుకుని కూర్చుంది.

"సూర్యాపేటల చెప్తాం" అంది.

"వద్దే."

"చెప్తాం. గని ముందుగాల అక్కడ గాదు. ముందు చర్చిల చెప్పాలె. ఎవరికో చెప్పి మనోళ్ళకు దాచిపెట్టిన్నంటే అది తప్పయితది. ఇప్పటిదాంక అయింది పొరపాటే."

*

శనివారం రాత్రి ఎండుద్రాక్ష నానబెట్టింది. పొద్దున్నే పిండి ఆ నీళ్ళు తీసుకుని పోయింది. రుచి చూడమని దారిలో రాములమ్మకు కూడా ఇచ్చింది. "పసిపిల్లకు తాగియ్యొచ్చు పో" అంది రాములమ్మ.

చర్చిలో పాట అయింది. అయ్యగారు బల్ల దగ్గరికి రాబోతుంటే ఎస్తేరు లేచి నిలబడింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరూ అలా లేవరు. అబ్రహాం తల వంచుకున్నాడు.

"వందనాలు అయ్యగారూ. ఒక మాట." కొంగు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్, పులుపు, చక్కెర. రాములమ్మ అన్నది కూడా చెప్పింది. "పోయిన నెల మీరంత ముంచుకున్నది పులిసిన రసం. మిగిలింది ఈయన తాగిండు. అది తాగినందుకే పని పోగొట్టుకుండు. నేను చేసింది. నాకు తెల్వక చేసిన."

మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన, "అంటే పిల్లలు కూడా..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఒకామె తన కొడుకును దగ్గరికి లాక్కుంది.

ముందు వరసలో సంతోషమ్మ ఉంది. సంఘంలో అందరికంటే పెద్ద. చెవులు సరిగ్గా వినపడవు. పక్కనున్న అమ్మాయి ఆమె చెవిలో అంతా మళ్ళీ చెప్పింది. సంతోషమ్మ తల ఊపుతూ విన్నది. వినపడని వాళ్ళు మాట్లాడేటంత గట్టిగా అంది:

"అదా సంగతి! పోయిన నెల రొట్టె ఎంత మంచిగుండెనో. నేను రెండుసార్లు ముంచుకుంటిని."

ఎవరో పిల్లవాడు నవ్వాడు. వాడి తల్లి నవ్వింది. అయ్యగారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు వరస తరువాత వరస పాకింది. ఎస్తేరు నిలబడే ఉంది. ఏడుస్తోంది. ఎవరో చేయి పట్టి కూర్చోబెట్టారు.

అందరూ నవ్వలేదు. పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కున్నామె ఆ రోజు బల్ల దగ్గరికి రాలేదు. తరువాత కొన్నాళ్ళు ఎస్తేరుతో మాట్లాడలేదు కూడా.

ఆరాధన అయ్యాక అయ్యగారు, "సూర్యాపేటకు నేనూ వస్తాను. గిన్నెలో ఎంత మిగిలిందో చూసింది నేనే కదా" అన్నారు.

"నేను గూడ వస్త" అంది సంతోషమ్మ. "నన్ను ఊదమనున్రి ఆ మిషన్ల."

ఆమెను ఒప్పించి ఇంట్లో ఉంచారు.

*

గిరిజ గదిలో ఈసారి కుర్చీలు చాలలేదు. ఎస్తేరు నిలబడే మాట్లాడింది. చర్చిలో చెప్పినంత బాగా రాలేదు. మధ్యలో ఆగితే అయ్యగారు అందించారు. కార్తీక్ వింటూ వింటూ రాసుకోవడం మానేశాడు.

"ఇది మొదటి రోజే చెప్పి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది కదండీ" అన్నాడు అబ్రహాంతో.

"మీరు అడగలే సార్."

కార్తీక్ ముఖం ఎర్రబడింది. అబ్రహాం మళ్ళీ అన్నాడు, తనే సరిదిద్దుకుంటున్నట్టు:

"అడిగినా చెప్పకపోదును. అది నిజం. ఈ మేడం అడిగిండ్రు, ఏం లేదన్న. తప్పే మేడం."

గిరిజ ఎస్తేరు వైపు చూసింది. అబ్రహాంను ఏమీ అనలేదు. కార్తీక్‌తో చెప్పింది.

"మీ భయం తప్పని నేను అనను. ఆ మధ్యాహ్నం ఆయన్ను బస్సు ఎక్కనివ్వకపోవడం సరే. దానికి మిషన్ చాలు. మనిషిని తీసెయ్యడానికి మిషన్ చాలదు. రక్తం తీయించలేదు. విచారణ పెట్టలేదు. నేను తీర్పు చెప్పేదాన్ని కాదు, ఇరువైపులా రాజీ కుదిర్చేదాన్ని. మీరు ఇక్కడ ఒప్పుకోకపోతే ఈయన కోర్టుకు పోతాడు. అక్కడ మొదటి ప్రశ్న ఇదే వేస్తారు. మీ పెద్దలతో మాట్లాడి రండి."

కార్తీక్ ఫోను పట్టుకుని వరండాలోకి పోయాడు. అటూ ఇటూ నడవడం కిటికీలోంచి కనిపిస్తోంది. ఒకసారి అతని గొంతు పెరిగింది. "లేదు సార్, నేను చూశాను కదా, నాకు నమ్మకం ఉంది" అన్న మాట గదిలోకి వచ్చింది. ఎస్తేరు అబ్రహాం వైపు చూసింది.

తిరిగి వచ్చి చెప్పాడు. పనిలోకి తీసుకుంటారు. సర్వీసు తెగదు. బస్సే ఇస్తారు. ఒక షరతు. డ్యూటీ ఉన్న రోజు చర్చిలో ఆ గిన్నె ముట్టనని అబ్రహాం రాసివ్వాలి.

అబ్రహాం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. స్టీరింగు, గిన్నె. రెంట్లో ఏది వదలమన్నా అతని చేతులకు చేతకాదు. అయ్యగారు ఏదో అనబోయారు. గిరిజ ఆయన్ను చేయెత్తి ఆపింది.

"కార్తీక్ గారూ, మత్తు లేకుండా డ్యూటీకి రావాలని రాయించుకోండి. సంతకం పెడతాడు. గుళ్ళో ఏం తీసుకోవాలో మీ ఫ్యాక్టరీ రాయకూడదు."

కార్తీక్ మళ్ళీ ఫోను చేయలేదు. "సరే మేడం, అట్లాగే రాయండి" అన్నాడు.

"ఇంకొకటి కూడా రాస్తున్నాను. మిషన్ కూస్తే కాసేపు ఆగి మళ్ళీ ఊదించాలి. అప్పుడూ కూస్తే దవాఖానకు పంపాలి. ఈయనకే కాదు, అందరు డ్రైవర్లకూ."

ఆ మాట విని అబ్రహాంకు వీరయ్య గుర్తొచ్చాడు. పేరు చెప్పలేదు.

అయ్యగారికి సూర్యాపేటలో చుట్టాలున్నారు, అక్కడే ఆగిపోయారు. మొగుడూ పెళ్ళాలు బస్టాండుకు నడిచారు. కోదాడ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. వెనక వరసలో రెండు సీట్లు దొరికాయి. ఎస్తేరు కిటికీ వైపు కూర్చుంది.

"సోమవారం నుంచే రమ్మన్నడా?"

"సోమవారమే."

"ఏ షిఫ్టు?"

జవాబు రాలేదు. తిరిగి చూస్తే అబ్రహాం నిద్రపోతున్నాడు. ఇన్నేళ్ళలో అతడు బండిలో కళ్ళు మూయడం ఆమె చూడలేదు. ఎవరు నడుపుతున్నా అతని కుడికాలు కింద బ్రేకు కోసం కదులుతూ ఉండేది. పెళ్ళయిన కొత్తలో పెద్దవూర పోతుంటే కూడా అంతే. ఇప్పుడు ఆ కాలు కదలడం లేదు. తల ఆమె భుజం మీదికి జారింది. బరువుగా ఉంది. ఆమె కొంచెం కిందికి జరిగి భుజాన్ని అతనికి అనువుగా పెట్టింది.

మునగాల దాటింది. ఎండ అటు నుంచి ఇటు మారింది. అతని ముఖం మీద పడకుండా ఆమె చేతి సంచిని కిటికీకి అడ్డం పట్టుకుంది.

కోదాడలో అందరూ దిగారు. కండక్టరు వెనక్కు వచ్చి, "అమ్మా, ఇదే ఆఖరు. లేపు పెద్దాయన్ని" అన్నాడు.

"జర ఆగు బిడ్డా" అంది ఎస్తేరు.